షెడ్డు నంబర్ నాలుగు వాపసు

నాచారం,
నవంబర్ 3

ఉప్పల్ మెట్రో స్టేషన్ ఎదురు గల్లీలో మూడో అంతస్తు మీద ఉన్న నీలికొండ గేమ్స్ కంపెనీవారికి, నాచారం నుంచి చింతల పోశయ్య రాసే సంగతి.

ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు క్షేమంగా ఉండండి, నాకేమీ అభ్యంతరం లేదు. మీ సరకు మాత్రం క్షేమంగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను దారిన పోయే మనిషిని కాను. నాచారం ఫ్యాక్టరీల వాడలో ఇప్పుడు తాళం పడి ఉన్న బట్టల మిల్లులో ముప్పై ఒక్క ఏండ్లు తనిఖీదారుగా చేశాను. నేసిన ప్రతి తాను నా బల్ల మీదికి వచ్చి, నేను వేలు పెట్టి చూసి, సరే అంటేనే గేటు దాటేది. నా చదువు మూడో తరగతి. ఆ మూడు తరగతుల్లో నేర్చుకున్నది ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోలేదు.

మీరు 'షెడ్డు నంబర్ నాలుగు' అని ఫోనులో ఆడే ఆట చేస్తున్నారు. దాని ట్రైలర్‌ను నా భార్య రాజ్యం తన ఫోనులో చూపించింది. ఉన్నమాట చెప్పాలి, మంచి ట్రైలర్. పెద్ద ఇనుప గేటు. వెనక పొగగొట్టం. తెల్లగా మంచు. సైరన్ మోగితే గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. లోపల దూరంగా మగ్గం చప్పుడు. ఒక గొంతు అంటుంది, "మిల్లు మూతపడ్డది. లోపల ఇంకా ఎవరో నేస్తున్నరు." నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. జాతీయ గీతానికి తప్ప దేనికీ లేచే అలవాటు నాకు లేదు.

ముందుగా అడిగినవారికి ఆటలో మొదటి భాగం ఇస్తున్నామని మీరు రాస్తే రాజ్యం తీసుకుంది. ఆమె ఆడింది, నేను పక్కన కాగితం పట్టుకుని కూర్చున్నాను. మూడు రోజుల తనిఖీలో తేలింది ఇది. గేటు లేదు. మంచు లేదు. పొడుగాటి షెడ్డు, రెండు వరసల మగ్గాలు, నడుమ సందు. దారం తెగుతుంది, పోయి ముడి వెయ్యాలి. ఇంకోటి తెగుతుంది, మళ్ళీ నడవాలి. ఎవరూ రారు, ఎవరూ భయపెట్టరు. మెరుపు లేదు, తలుపు వెనక మనిషి లేడు. ఆ గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. సైరన్ రెండుసార్లు, మొదలు ఒకటి, చివర ఒకటి. రాజ్యం రెండు సార్లు ఆవులించింది. ఆమె ఆవులింతలు కూడా లెక్కలో రాశాను.

కాబట్టి మీ సరకు వాపసు. ట్రైలర్‌లో ఏముందో అదంతా ఆటలో పెట్టి మళ్ళీ పంపండి. చూసి చెబుతాను.

ఇట్లు,
చింతల పోశయ్య
తనిఖీదారు, విశ్రాంత

తా.క.: మా పద్ధతి ప్రకారం ఫోను వెనక సుద్దతో వాపసు గుర్తు పెట్టాను. రాజ్యం చెంగుతో తుడిచేసింది. మళ్ళీ పెట్టాను. మీరు తొందరగా జవాబు రాస్తే మా ఇంట్లో శాంతి ఉంటుంది.


ఉప్పల్,
నవంబర్ 7

గౌరవనీయ వినియోగదారులు శ్రీ పోశయ్య గారికి,

మా ఆట పట్ల మీరు చూపిన ఆసక్తికి నీలికొండ కుటుంబం తరఫున ధన్యవాదాలు. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. మీరు ఈమెయిల్ ఇవ్వలేదు గనుక పోస్టులో రాస్తున్నాను.

పొగమంచు కనపడటం లేదన్నారు. దయచేసి ఫోనును ఒకసారి ఆపి, ముప్పై సెకన్ల తర్వాత తిరిగి ఆన్ చేయండి. తెర వెలుతురు పెంచండి. సైరన్ వినపడకపోతే హెడ్‌ఫోన్లు వాడమని మనవి.

ట్రైలర్ అనేది ఆట అనుభూతిని పరిచయం చేయడానికి మాత్రమే. అందులోని దృశ్యాలు ఆటలో ఉండకపోవచ్చునని ట్రైలర్ చివర, అడుగున చిన్న అక్షరాల్లో తెలియజేశాము.

మీ ఆట ఆనందమయం కావాలని కోరుకుంటూ,

హిమజ
వినియోగదారుల విభాగం, నీలికొండ గేమ్స్

తా.క.: ఫోను మీద సుద్ద రాయకండి. ఛార్జింగ్ రంధ్రంలోకి పొడి పోతే మా బాధ్యత ఉండదు.


నాచారం,
నవంబర్ 9

హిమజ అనే అమ్మాయికి, పోశయ్య రాసేది.

ఫోను ఆపాను. ముప్పై సెకన్లు కాదు, అన్నం తిని వచ్చేదాకా ఆపాను. మంచు రాలేదు.

చిన్న అక్షరాలు చూశాను. నా భూతద్దం తీసి, ట్రైలర్‌ను వేలితో ఆపి పట్టుకుని చూశాను. ఉన్నాయి. మా మిల్లులో నమూనా గుడ్డ కింద చిన్న అక్షరాలు ఉండేవి కావు తల్లీ. వ్యాపారికి ముందు చేతిలోకి నమూనా ఇస్తాం. వెనక లారీలో బేలు, అంటే కట్టిన గుడ్డల మూట, పంపిస్తాం. బేలులో గుడ్డ నమూనాకు సరిపోవాలి. లేకపోతే వాపసు. ఇంత పెద్ద మిల్లు ఈ ఒక్క మాట మీద నడిచింది. మీ ట్రైలర్ నమూనా. మీ ఆట బేలు. ఇందులో మీకు అర్థం కానిది ఏముందో నాకు అర్థం కాలేదు.

నీకు ఇది ఆట. నాకు కాదు. ఎందుకో చెబుతాను, ఎవరికీ చదివి వినిపించకు.

బాలరాజు అని నా బామ్మర్ది, రాజ్యానికి సొంత తమ్ముడు. అదే మిల్లులో నాలుగో షెడ్డులో మగ్గం మీద చేసేవాడు. ఇరవై రెండేండ్ల కింద దవాఖానా దుప్పట్ల ఆర్డరు వస్తే అతను నేసిన తానులు నమూనా కన్నా పలుచగా ఉన్నాయని వాపసు రాశాను. పర్మినెంట్ జాబితాలో నుంచి అతని పేరు పోయింది. అందరి ముందర మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచి రెండు సందుల అవతల ఉంటూ కూడా మా గడప తొక్కలేదు. రాజ్యం తమ్ముడి ఇంటికి పోతే నేను సందు మొదట్లో బండి పట్టుకుని నిలబడేవాణ్ణి.

పోయిన నెల రాజ్యం మీ ట్రైలర్ అతనికి పంపింది. సాయంత్రానికల్లా వచ్చాడు. చెప్పులు విడిచాడు కానీ కూర్చోలేదు. "బావా, ఇది మన గేటే గద?" అన్నాడు. "మన గేటే" అన్నాను. ఇద్దరం నిలబడే నాలుగు సార్లు చూశాం. పోయేటప్పుడు, "ఆట వచ్చినంక పిలువు. గిట్లనే ఉంటే కూసోని ఆడుదాం. లేకుంటే పిలువకు, నీ నమూనాల తోని నాకొద్దు" అన్నాడు.

ఈ నెల ముప్పైన అతను ఇల్లు ఖాళీ చేసి దమ్మాయిగూడకు పోతున్నాడు. ఈ మొదటి భాగం చూపిస్తే ఇంకో ఇరవై రెండేండ్లు మాట్లాడడు. అంత సమయం మా ఇద్దరి దగ్గరా లేదు. అర్థమైందా?

ఇంక రాతలు చాలు. మిల్లులో సరకు మీద తగవు వస్తే రెండు షిఫ్టుల నుంచి ఆరుగురు చొప్పున పన్నెండు మంది వచ్చి తేల్చేవారు. ఈ పదిహేడో తారీకు సోమవారం పొద్దున పది గంటలకు నాతో కలిపి పన్నెండు మందిమి మీ గేటుకు వస్తున్నాం. అందరి చేతుల్లో కర్రలుంటాయి. నా పాత కత్తెర కూడా తెస్తున్నాను. తేలేదాకా లేవం. మధ్యాహ్నం అన్నాలు కట్టుకొని వస్తాం.

ఇట్లు,
చింతల పోశయ్య

తా.క.: పన్నెండు మందిలో భూషణం అని ఒకడు, పాత జాబర్, మగ్గాల మేస్త్రీ. చెవులు వినపడవు గనుక గట్టిగా అరుస్తాడు. బెదరకండి. ఇంకా ఎక్కువ అరిచిన రోజులు ఉన్నాయి.


ఉప్పల్,
నవంబర్ 12

శ్రీ చింతల పోశయ్య గారికి,

మీ ఉత్తరాన్ని మా మేనేజర్ సుధీంద్ర గారి దృష్టికి తీసుకువెళ్ళాను. ఆయన దాన్ని మా లాయరు గారి దృష్టికి తీసుకువెళ్ళారు.

మీ సమస్యను సంస్థ ఎంతో తీవ్రంగా పరిగణించింది. ట్రైలర్, ఆట ఒకేలా ఉండాలన్న మీ అభ్యంతరం న్యాయమైనదని గుర్తించి వెంటనే చర్య తీసుకున్నాము. పాత ట్రైలర్‌ను అన్ని చోట్ల నుంచి తొలగించాము. దాని స్థానంలో ఆటలోని దృశ్యాలతోనే ఇరవై సెకన్ల కొత్త ట్రైలర్ పెట్టాము. అందులో షెడ్డు, మగ్గాలు, నడుమ సందు మాత్రమే ఉన్నాయి. మంచు, గేటు, గొంతు లేవు. ఇప్పుడు రెండింటికీ ఏ తేడా లేదు. మీ ఫిర్యాదు దీనితో పరిష్కారమైనట్లు భావిస్తున్నాము.

అందువల్ల సోమవారం మీరు శ్రమపడి రావలసిన అవసరం లేదు. ఆ రోజు కార్యాలయం సందర్శకులకు అనుకూలంగా ఉండదు. ముందుజాగ్రత్తగా స్థానిక పోలీసులకు కూడా సమాచారం ఇచ్చామని తెలియజేయమన్నారు.

ఇట్లు,
హిమజ

తా.క.: కర్రలు దేనికని సుధీంద్ర గారు అడగమన్నారు. కత్తెర గురించి ఆయన రెండుసార్లు అడిగారు.


నాచారం,
నవంబర్ 18

హిమజకు,

కర్రలు దేనికంటే మోకాళ్ళు లేవు గనుక. మా పన్నెండు మందికీ కలిపి సరిగ్గా వంగే మోకాళ్ళు ఐదున్నాయి. కత్తెర దేనికంటే, వదులు పోగు కనిపిస్తే కత్తిరించడానికి. తనిఖీకి పోయేవాడు కత్తెర లేకుండా పోడు. మీ సుధీంద్రకు ఇది చెప్పు, నీళ్ళు తాగించు.

సరకు బాగుచెయ్యమంటే నమూనా చెడగొడతారా? ముప్పై ఒక్క ఏండ్లలో ఇంత తెలివి మా మేనేజ్‌మెంటుకు కూడా రాలేదు. వచ్చి ఉంటే మిల్లు ఇంకా నడిచేదేమో.

ఇక సోమవారం సంగతి. షేర్ ఆటోలు రెండు మాట్లాడుకుని పది గంటలకు మీ గల్లీలో దిగాం. గేటుకు తాళం. లోపల లైట్లు లేవు. తలుపు మీద కాగితం, 'నేడు కార్యాలయం తెరవబడదు' అని. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళు. అది చూడగానే అందరం కర్రలు ఆనించి ఆగిపోయాం. మా మిల్లుకూ ఒక పొద్దున ఇట్లనే తాళం, ఇట్లనే కాగితం, ఇట్లనే ఇద్దరు పోలీసులు. ఆ తాళం మళ్ళీ తెరవలేదు.

భూషణం అరిచాడు, "అరే పోశిగా! నీ వల్ల పిల్లల నౌకర్లు పోయినయిరా! లాకౌట్ పెట్టిన్రు!"

నాకూ నిజమే అనిపించింది. నీ రాతలో అంత మర్యాద ఉన్నప్పుడే అనుమానం రావాల్సింది. మనిషిని రోడ్డు మీదికి పంపేముందు ఆఫీసు అట్లనే రాస్తుంది.

మేము వచ్చింది మీ సరకు మీద ఫిర్యాదుతోనే. కానీ పనిచేసేవాడి గేటుకు తాళం వేస్తే ఊరుకునే జాతి కాదు మాది. అక్కడే తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్నాం. "నీలికొండ కార్మికులను పనిలోకి తీసుకోవాలె!" "లాకౌట్ ఎత్తెయ్యాలె!" మిల్లు మూతపడ్డ పన్నెండేండ్లకు మళ్ళీ గొంతు ఎత్తాం, బాగానే లేచింది. కానిస్టేబుల్ వచ్చి, "పెద్దాయనా, మీరు వీళ్ళ మీదికి కొట్లాటకు వచ్చిన్రని మాకు చెప్పిన్రు. మీరేమో వీళ్ళ కోసం కొట్లాడుతున్నరు. మేం ఏం రాసుకోవాలె?" అన్నాడు. "రెండూ రాసుకో" అన్నాను. నాలుగు గంటలకు ఎండ తగ్గాక లేచి వచ్చాం. నీ పేరు మీద ఆరు నినాదాలు ఇచ్చాం. ఇంటిపేరు తెలియక ఊరికే హిమజ అన్నాం.

నీ నౌకరీ పోయిందా? నిజం చెప్పు.

నా సంగతి అంతకన్నా పాడైంది. బాలరాజు నిన్న ఎవరికో చూపిద్దామని ట్రైలర్ వెతికితే లేదట. రాజ్యానికి ఫోన్ చేశాడు, స్పీకర్‌లో విన్నాను. "అక్కా, నీ మొగడు మల్ల నన్ను పిచ్చోన్ని జేసిండు. సూపెట్టిందొకటి, ఉన్నదొకటి. గా ముసలోని బుద్ధి మారలె" అన్నాడు. రాజ్యం నాకు రాత్రి చారు పోయలేదు. గిన్నె అక్కడ పెట్టి పోయింది.

పన్నెండు రోజులుంది ముప్పైకి.

ఇట్లు,
పోశయ్య

తా.క.: ధర్నాలో మీ కింది హోటలాయన మాకు రెండు దఫాలు చాయ్ ఇచ్చాడు. కంపెనీ ఖాతాలో రాసుకుంటానన్నాడు. మేము వద్దనలేదు.


రామంతాపూర్,
నవంబర్ 25

పోశయ్య తాతగారికి,

ఇది కంపెనీ కాగితం కాదు. మా ఇంట్లో నా గదిలో కూర్చుని రాస్తున్నాను.

నా ఉద్యోగం పోలేదు. ఎవరిదీ పోలేదు. మీరు కొడతారని భయపడి సుధీంద్ర గారు ఆ రోజు అందరినీ ఇళ్ళ నుంచి పని చేయమన్నారు. మేము గేటు మీది కెమెరాలో, ఎవరి ఇళ్ళలో వాళ్ళం కూర్చుని, మిమ్మల్ని చూస్తున్నాం. నా పేరుతో నినాదం వినపడ్డప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏం చేశావే?" అంది. నాకు జీతం ఇచ్చేవాళ్ళు కూడా నా పేరు అంత గట్టిగా ఎప్పుడూ పిలవలేదు.

మీకు నిజం చెప్పాలి. ఆ ట్రైలర్ మేము చేయలేదు. వేరే ఊళ్ళో ఒక సంస్థ చేసింది. వాళ్ళు మా ఆట ఆడలేదు. ఎనిమిది బొమ్మలు, ఒక పేరాగ్రాఫు పంపితే మూడు నెలలు కూర్చుని చేశారు. మంచి కంప్యూటర్లకు, మంచి మనుషులకు అని మా డబ్బంతా దానికే వెళ్ళింది. ఆట చేసింది తేజేష్ అని ఒక్క అబ్బాయి. అతనికి మిగిలింది ఇచ్చాం. ట్రైలర్ చూసి వచ్చినవాళ్ళంతా ఆట ఆడి మీరన్నదే అంటున్నారు. మీరు ఒక్కరే పోస్టులో అన్నారు.

మీ ధర్నా తర్వాత సుధీంద్ర గారు దిగి వచ్చారు. మీ మొదటి ఉత్తరం ముందు పెట్టుకుని అందులో మీరు లేదన్నవన్నీ ఆటలో పెట్టిస్తున్నారు. గేటు, మంచు, మెరుపు, తలుపు వెనక మనిషి, పదకొండు సైరన్లు. దారం ముడి వేసే పని మొత్తం తీసేస్తున్నాం, ఆవులింతలు రాకుండా. తేజేష్ మాత్రం నాలుగు రోజుల నుంచి ఒప్పుకోవడం లేదు. "అది అట్లనే ఉండాలె మేడం" అని ఒక్కటే మాట.

శుక్రవారం ఇరవై ఎనిమిదిన పగలు పన్నెండు గంటలకు కొత్తది అందరి ఫోన్లలోకి వెళ్తుంది. పాతది అప్పటితో పోతుంది, మా దగ్గర కూడా ఉంచం. మీ బాలరాజు గారిని శనివారం పిలవండి. ముప్పైకి ఒకరోజు ముందే నమూనాకు సరిపోయే సరకు మీ చేతిలో ఉంటుంది.

మీ
హిమజ

తా.క.: చాయ్ లెక్క ముప్పై మూడు గ్లాసులు వచ్చింది. మీరు పన్నెండు మంది. కానిస్టేబుళ్ళు ఇద్దరు. మిగతాది ఎవరు తాగారో సుధీంద్ర గారు లెక్క వేస్తూనే ఉన్నారు.


ఉప్పల్, మీ గేటు దగ్గర,
నవంబర్ 28, పదకొండు దాటింది

హిమజా,

ఆపు. చదవక ముందే పోయి ఆపి రా, తర్వాత చదువు.

ఆపినవా? ఇప్పుడు చదువు. మీ వాచ్‌మన్ ఉప్పలయ్య బల్ల మీద కూర్చుని రాస్తున్నాను, తొందరలో అక్షరాలు ఎట్లున్నా సర్దుకో.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి, సంతోషంతో స్వీట్లకని హబ్సిగూడ దాకా పోయాను. నేను లేనప్పుడు బాలరాజు ఇంటికి వచ్చాడు. మంచికి రాలేదు. పోయేముందు నన్ను నాలుగు మాటలు అనిపోదామని వచ్చాడు. నేను లేకపోతే ఆ మాటలు అక్కకు మొదలుపెట్టాడట. రాజ్యం వినీ వినీ, ఫోను అతని చేతిలో పెట్టి, "నోరు మూసుకోని ఆడు. గిదే ఆట. ట్రైలర్ లేదు, ఏం లేదు. గిదే ఉన్నది" అన్నది. నేను దాచిన బేలును ఆమె విప్పి చూపించింది. ముప్పై ఒక్క ఏండ్ల తనిఖీదారుకు ఇంట్లోనే కాపలా లేదు.

నేను వచ్చేసరికి అతను కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేండ్ల తర్వాత మా ఇంట్లో కూర్చుని. రెండు గంటల నుంచి లేవలేదట. నన్ను చూడలేదు. ఫోను చూస్తూనే, "బావా, గిది మన మిల్లు" అన్నాడు.

నేను తప్పు ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండి, "కాదు, బాగలేదు, వాపసు రాసిన, రేపు కొత్తది వస్తది" అని ఏదో అంటున్నాను.

"ఏది బాగలేదు? నీకేం ఎరుక?" అన్నాడు. "నువ్వు గేటుకాడికెళ్ళి వచ్చినవ్, బల్ల కాడ కూసున్నవ్, గేటుకాడికెళ్ళి పోయినవ్. నీకు మిల్లంటే గేటు, పొగగొట్టం, సైరన్. గందుకే ట్రైలర్ సూసి లేసి నిలవడ్డవ్. నేను గూడ నిలవడ్డ, అబద్ధం ఎందుకు. కని నాలుగో షెడ్డంటే గిది. దారం తెగుతది, పోవాలె. ఇంకోటి తెగుతది, పోవాలె. ఎవ్వడు రాడు. దయ్యమన్న వస్తే బాగుండు, మాట్లాడనీకె ఒకడు దొరికె అనుకునేటోన్ని. ఎనిమిది గంటలు. మంచు కాదు, దూది పొట్టు. గా దవాఖానా దుప్పట్లకు నమూనా నేసిన నూలు వేరు, మాకిచ్చిన నూలు వేరు. అడుగడుగునా తెగింది. నీకు పలుచగ కనవడ్డది. ఒక్కరోజు లోపలికొచ్చి నిలవడితే సమజయ్యేది. నువ్వు రాలె."

నేను రాలేదు. నిజం. షెడ్డులో చప్పుడుకు చెవులు పోతాయని రాలేదు. తనిఖీదారు మగ్గం దగ్గరికి పోతే పరువు తక్కువ అని కూడా రాలేదు. ఇది రాయడానికి మూడు తరగతులు సరిపోవు, అయినా రాశాను.

అప్పుడు ఫోను నా చేతిలో పెట్టాడు. "ఆడు. లేవకు" అన్నాడు. ముప్పై ఐదు నిమిషాలు ఆడాను. బొటనవేలు గుంజింది. ఒక దారం చూసేలోపు రెండు తెగుతున్నాయి. చివర సైరన్ మోగింది. నేను నేసిన తాను ఎవడో బల్ల మీద వేసి చూసి వాపసు అని రాశాడు. రాజ్యం ఆడినప్పుడు ఇది న్యాయమేనని పట్టించుకోలేదు. వాడెవడు? వాడికి నూలు సంగతి తెలుసా? పక్కన నేను పడ్డ పాట్లు వాడు చూశాడా? నేను ఫోను మీద అరుస్తుంటే బాలరాజు కడుపు పట్టుకుని నవ్వాడు. రాజ్యం కొంగు నోట్లో పెట్టుకుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "అక్కా, బువ్వ పెట్టు" అన్నాడు. తిన్నాం. నేను తక్కువ తిన్నాను. మాట్లాడేది చాలా ఉండె.

"గీ ఆట జేసిన పిలగాడు షెడ్ల పన్జేసినోని ఇంట్ల పెరిగిండు. గది ఇని జేసింది గాదు, సూసి జేసింది" అని బాలరాజు అంటున్నాడు. తేజేష్‌ను ఒకసారి అడుగు. ఆదివారం దమ్మాయిగూడలో పాలు పొంగిస్తున్నారు, ఆ అబ్బాయిని, నిన్ను రమ్మన్నాడు. సుధీంద్రను కూడా రమ్మన్నాడు. కర్రలుంటాయని ముందే చెప్పు.

కాబట్టి విను. మొదటి ఉత్తరంలో నేను రాసిన వాపసు రద్దు చేస్తున్నాను. నా ఉద్యోగంలో ఇది మొదటిసారి. మంచు వద్దు. మెరుపు వద్దు. తలుపు వెనక మనిషిని ఇంటికి పంపెయ్యి. పదకొండు సైరన్లు ఎవరు విన్నారు, రెండే. దారం ముడి వేసే పని తీసెయ్యకండి, అది తీసేస్తే మా బామ్మర్ది బతుకే తీసేసినట్లు. ఆ అబ్బాయి చేసింది చేసినట్లే ఉండాలి.

ట్రైలర్ మాత్రం ఆ పాతదే మళ్ళీ పెట్టండి. అది అబద్ధం. ఇరవై రెండేండ్లలో మా గడప దగ్గరికి బాలరాజును తెచ్చింది అదొక్కటే. ఉండనివ్వండి.

పదకొండు ముప్పై అయింది. ఉప్పలయ్య ఈ కాగితం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు, మెట్లెక్కి రావాలి. లిఫ్టు పనిచేయడం లేదట. తొందరగా ఎక్కమని కింద నుంచి అరుస్తాను, వినపడితే అది నేనే.

ఇట్లు,
చింతల పోశయ్య
నాలుగో షెడ్డు, ఒకరోజు అనుభవం

తా.క.: నేనే పైకి వచ్చి చెప్పొచ్చు కదా అంటావు. మీ గేటు లోపల నా ఫోటో అంటించి 'ఈ వ్యక్తిని లోపలికి పంపరాదు' అని రాశారు. ఉప్పలయ్య ఫోటోను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోటోను చూశాడు. "సరిగ్గ అట్లనే ఉన్నవ్ పెద్దాయనా, జర గూడ తేడా లేదు" అన్నాడు. మీ కంపెనీ నుంచి నమూనాకు సరిపోయిన సరకు ఇప్పటిదాకా ఇదొక్కటే వచ్చింది.